పీపీపీఓఈ సర్వర్: కస్టమర్ కనెక్ట్ కాకపోతే ఎక్కడ వెతకాలి

పీపీపీఓఈ అంటే కస్టమర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ఇంటర్నెట్‌కి లాగిన్ అయ్యే పద్ధతి, ఆ లాగిన్లు అందుకునే మన రౌటరే పీపీపీఓఈ సర్వర్. నెట్ రావట్లేదని ఫోన్ మీద ఫోన్ వస్తుంటే ఎవరికైనా టెన్షనే, చెయ్యి నేరుగా రీబూట్ మీదకే వెళ్తుంది. దయచేసి ఆ పని చేయకండి. బాగా నడుస్తున్న సెషన్లు కూడా తెగిపోతాయి, మెమరీలో ఉన్న లాగ్ పోతుంది, పైగా తెగినవాళ్లంతా ఒక్కసారిగా లాగిన్‌కి వచ్చి రేడియస్ సర్వర్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిచూసే సర్వర్) మీద పడతారు. ముందు కనెక్షన్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడండి. డిస్కవరీ (సర్వర్‌ని వెతకడం), ఎల్‌సీపీ (రెండు వైపులా లింక్ సెట్టింగులు కుదుర్చుకోవడం), ఆథెంటికేషన్ (పాస్‌వర్డ్ సరిచూడటం), ఐపీ ఇవ్వడం, తర్వాత డేటా. ఈ వరుస మారదు.

సమస్య: డయల్ చేస్తే అటునుంచి జవాబే లేదు

కస్టమర్ రౌటర్ ముందుగా "సర్వర్ ఉందా" అని అడిగే పీఏడీఐ ప్యాకెట్‌ని బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది, మన రౌటర్ "ఉన్నాను" అనే పీఏడీఓతో పలకాలి. కస్టమర్ల వైపు ఇంటర్‌ఫేస్‌లో క్యాప్చర్ పెట్టి, ఈథర్‌టైప్ (ప్యాకెట్ ఏ రకమో చెప్పే అంకె) హెక్స్‌లో 8863 ఉన్నవి మాత్రమే చూడండి. పీఏడీఐ అసలు రావట్లేదంటే మన కాన్ఫిగ్‌ని కెలకొద్దు, మధ్యలో స్విచ్‌లోనో ఓఎల్‌టీలోనో (కస్టమర్ల ఫైబర్ లైన్లు వచ్చి కలిసే పరికరం) వీల్యాన్ (ఒకే వైరు మీద విడిగా నడిచే నెట్‌వర్క్) తప్పి ఉంటుంది, ఎక్కువగా చాలా వీల్యాన్లని మోసే ట్రంక్ పోర్ట్‌లో ఆ వీల్యాన్ చేర్చడం మర్చిపోయి ఉంటారు. వస్తున్నా మనం పలకట్లేదంటే, సర్వర్‌ని వీల్యాన్ మీద కాకుండా ఫిజికల్ పోర్ట్ మీద పెట్టారేమో, సర్వీస్ నేమ్ కలుస్తోందో లేదో, ఒక్కో మ్యాక్‌కి (పరికరం హార్డ్‌వేర్ అడ్రస్) పెట్టిన సెషన్ల లిమిట్ నిండిందేమో చూడండి. ఒకే పీఏడీఐకి రెండు వేర్వేరు మ్యాక్‌ల నుంచి పీఏడీఓలు వస్తుంటే, రెండోది మీరు పెట్టింది కాకపోతే, నెట్‌వర్క్‌లో ఎవరిదో ఇంకో సర్వర్ నడుస్తోందన్నమాట. కస్టమర్ పోర్టుల మధ్య ఐసోలేషన్ పెడితే అది ఆగుతుంది.

సమస్య: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా లోపలికి రానివ్వట్లేదు

ఇక్కడ రిజెక్ట్ వేరు, టైమౌట్ వేరు. రౌటర్ లాగ్‌లో టైమౌట్ కనిపిస్తే పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి. తన లిస్టులో లేని ఐపీ నుంచి ఏ రౌటర్ అడిగినా రేడియస్ సర్వర్ అసలు జవాబే ఇవ్వదు. నేను ఒకసారి దాదాపు రెండు గంటలు దీని దగ్గరే ఆగిపోయాను. రౌటర్‌లో కొత్త లింక్ చేర్చాక రిక్వెస్ట్‌లు వేరే ఐపీ నుంచి వెళ్లడం మొదలైంది, సర్వర్‌లో ఉన్నదేమో పాత ఐపీ. అప్పటినుంచి సోర్స్ ఐపీని లూప్‌బ్యాక్‌కి (ఏ లింక్ మారినా మారని రౌటర్ సొంత ఐపీ) కట్టేస్తున్నాను, మీరూ అలాగే చేయండి. పోర్టులు కూడా చూడండి: ఇప్పుడు 1812, 1813, పాత పరికరాల్లో 1645, 1646. షేర్డ్ సీక్రెట్‌లో (రౌటర్, రేడియస్ రెండింటిలో పెట్టే ఉమ్మడి రహస్య పదం) ఒక్క అక్షరం తేడా ఉన్నా, సర్వర్ పంపిన జవాబుని రౌటర్ నమ్మక పడేస్తుంది, కాబట్టి అదీ టైమౌట్‌లాగే కనిపిస్తుంది.

నిజంగా రిజెక్టే, అదీ కొందరికే వస్తుంటే, వాళ్ల రౌటర్లు చాప్ వాడుతున్నాయేమో చూడండి. పాప్ పాస్‌వర్డ్‌నే పంపుతుంది, చాప్ దాన్ని పంపకుండా దానితో లెక్కకట్టిన జవాబు పంపుతుంది. చాప్‌కి సర్వర్ దగ్గర అసలు పాస్‌వర్డ్ ఉండాలి, డేటాబేస్‌లో హ్యాష్ (తిరిగి పాస్‌వర్డ్‌గా మార్చలేని రూపం) మాత్రమే ఉంటే పాప్ పనిచేస్తుంది, చాప్ పనిచేయదు.

సమస్య: కరెంటు పోయి వచ్చాక "ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారు" అంటోంది

కస్టమర్ రౌటర్ ఒక్కసారిగా ఆరిపోతే సెషన్ ముగిసిందని మనకి చెప్పే వాళ్లుండరు. పాత సెషన్ మన దగ్గర అలాగే నిలబడిపోతుంది. ఎల్‌సీపీ ఎకో (అటువైపు ఉన్నారా అని అడిగే ప్యాకెట్) 20 లేదా 30 సెకన్లకోసారి పంపి, వరుసగా మూడు నాలుగింటికి జవాబు రాకపోతే సెషన్ తీసేసేలా పెట్టండి. రౌటర్‌లో సెషన్ లేకపోయినా అదే మాట వస్తుంటే, సెషన్ ముగిసిందని రౌటర్ రేడియస్‌కి పంపే అకౌంటింగ్ స్టాప్ ప్యాకెట్ దారిలో పోయి డేటాబేస్‌లో ఆ లైన్ తెరిచే ఉండిపోయిందని అర్థం. సెషన్ ఇంకా నడుస్తోందని చెప్పే ఇంటరిమ్ అప్‌డేట్ 10 నిమిషాలకోసారి ఆన్ చేసి, వరుసగా మూడు అప్‌డేట్లు రాని సెషన్లని మూసేసే స్క్రిప్ట్ పెట్టుకోండి. విసుగొచ్చి ఒక యూజర్‌కి ఒకే సెషన్ అన్న రూల్‌ని మాత్రం ఎత్తేయకండి, ఆ తర్వాత ఒకే అకౌంట్ ఎన్ని ఇళ్లలో నడుస్తోందో మీకు తెలియదు.

సమస్య: కొత్తవాళ్లకి ఐపీ రావట్లేదు

పూల్ (కస్టమర్లకి ఇచ్చే ఐపీల గుంపు) నిండిపోయింది, లేదా రేడియస్ పంపే పూల్ పేరు రౌటర్‌లో లేదు.

సమస్య: కనెక్ట్ అయింది, పింగ్ వస్తోంది, కొన్ని సైట్లే తెరుచుకోవట్లేదు

ఇది ఎమ్‌టీయూ, అంటే ఒక్క ప్యాకెట్ ఎన్ని బైట్లదాకా ఉండొచ్చన్న లిమిట్. పీపీపీఓఈ, పీపీపీ హెడర్లు కలిపి 8 బైట్లు తినేస్తాయి, కాబట్టి 1500లో మిగిలేది 1492. దారిలో ఎవరైనా ఐసీఎమ్‌పీని ("ప్యాకెట్ పెద్దది" లాంటి సంగతులు చెప్పే సందేశాలు) బ్లాక్ చేస్తే, పెద్ద ప్యాకెట్లు పంపే సర్వర్‌కి ఆ సంగతి తెలియక పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది. టీసీపీ ఎమ్‌ఎస్‌ఎస్‌ని (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా లిమిట్) ఐపీవీ4కి 1452, ఐపీవీ6కి 1432కి క్లాంప్ చేయండి, అంటే అంతకు మించకుండా తగ్గించండి. మీ వైపు ఐసీఎమ్‌పీ బ్లాక్ ఉంటే అదీ తీసేయండి, ఎందుకంటే ఎమ్‌ఎస్‌ఎస్ క్లాంప్ యూడీపీకి పనికిరాదు.

సమస్య: డౌన్‌లోడ్ నెమ్మది, అప్‌లోడ్ మాత్రం వేగం

మైక్రోటిక్ రౌటర్ అయితే రేట్ లిమిట్‌లో అంకెలు తారుమారయ్యాయి. అక్కడ మొదటి అంకె రౌటర్ అందుకునేది, అంటే కస్టమర్ అప్‌లోడ్. 20ఎమ్/100ఎమ్ అని రాస్తేనే కస్టమర్‌కి 100 డౌన్‌లోడ్ వస్తుంది. మార్చాక ఆ ఒక్క సెషన్‌నే తెంపి మళ్లీ కలపండి.