24 గంటల ఆహార సర్వేలో పచ్చి బరువు లెక్క తప్పకుండా ఉండాలంటే

న్యూట్రిషన్ ఫీల్డ్‌వర్క్‌కి వెళ్తున్న పీజీ విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి. 24 గంటల సర్వే అంటే ఒక మనిషి నిన్న రోజంతా ఏం తిన్నారో అడిగి లెక్కగట్టడం. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల్లో బియ్యం, పప్పుల విలువలు పచ్చి (వండని) సరుకు 100 గ్రాములకు ఇచ్చారు. అన్నం 300 గ్రాములు తిన్నారని ఆ అంకెనే బియ్యం వరుసలో వేస్తే కేలరీలు రెండున్నర, మూడు రెట్లు పెరిగిపోతాయి, ఎందుకంటే అన్నంలో ఎక్కువ భాగం నీళ్లే.

ముందు వంట చేసినవాళ్లనే అడగండి: మొత్తం ఎంత సరుకు పోశారు, వండాక ఎంతైంది? గిన్నెలో ఎక్కడిదాకా వచ్చిందో చూపించమని, అక్కడిదాకా నీళ్లు పోసి కొలజాడీతో కొలవండి. సర్వేలో ఉన్న మనిషి తిన్నది కొలత కప్పుతో పట్టండి. 200 గ్రాముల కందిపప్పు వండితే 1200 మిల్లీలీటర్ల పప్పు అయింది, అందులో ఆ మనిషి 180 మిల్లీలీటర్లు వేసుకుంది అనుకుందాం. 200 × 180 ÷ 1200 = 30 గ్రాముల కందిపప్పు.

లెక్కలోంచి ఎక్కువగా జారిపోయేది నూనె. "తాలింపుకి ఎంత?" అంటే "కొంచెమే" అంటారు. వాళ్లు వాడే గరిటె తెప్పించి దాంతోనే కొలవండి. టీలో చక్కెర, అన్నంలో కలుపుకున్న నెయ్యి, ఊరగాయ మీది నూనె విడిగా అడగాలి.

"పొద్దున పాలు తాగారా అమ్మా?" అని అడగకండి, మొహమాటానికి అవునంటారు. "లేచాక మొదట ఏం తీసుకున్నారు?" అనండి.

పండగ మర్నాడు, ఉపవాసం మర్నాడు వెళ్లొద్దు. ఒక్క రోజు లెక్క గుంపు సగటుకు పనికొస్తుంది. ఒక మనిషి గురించి చెప్పాలంటే వరుసగా కాని మూడు రోజులైనా, అందులో ఒకటి ఆదివారం, తీసుకోండి.