అంగన్‌వాడీ టీచరుకు అండగా నిలవడం ఎలా: సెక్టార్ సూపర్‌వైజర్లకు కొన్ని సూచనలు

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పై ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ, ఆరోగ్యంపై అవగాహన, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలకూ గ్రామంలో ముఖం అంగన్‌వాడీ టీచరే. పని ఒత్తిడి పెరిగినప్పుడు ఈ ఆరింటిలో ముందుగా వెనక్కి పోయేది చదువు, ఎందుకంటే గుడ్లు పంచకపోతే ఆ రోజే తెలుస్తుంది కానీ పిల్లలతో మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు. అందువల్ల టీచరు వృత్తిలో ఎదగాలని కోరుకునే సూపర్‌వైజరు మొదట ఆమె భారం తగ్గించాలి, ఆ తరువాతే నేర్పాలి. ఈ వరుస తప్పితే శిక్షణ కూడా ఆమెకు మరొక పని అవుతుందే తప్ప సాయం కాదు. ఒక సెక్టారుకు, అంటే కొన్ని అంగన్‌వాడీ కేంద్రాల సముదాయానికి, సూపర్‌వైజరుగా పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను కనుక, మన చేతిలో ఉన్న పనుల గురించే చెబుతాను.

ముందు ఒక రోజు కూర్చుని చూడండి

నెలలో ఒక రోజు ఒకే కేంద్రానికి కేటాయించి, తలుపు తీసినప్పటి నుంచి తాళం వేసే వరకు అక్కడే ఉండండి. ఆ రోజు రిజిస్టర్లు అడగవద్దు. అరగంటకొకసారి టీచరు ఏం చేస్తున్నారో మాత్రం రాసుకోండి. ఒక చేత్తో ఏడుస్తున్న మూడేళ్ల పిల్లను ఎత్తుకుని, మరో చేత్తో ఫోను పట్టుకుని, సరుకు కోసం వచ్చిన బాలింత ముఖం యాప్‌లో గుర్తింపు పొందే వరకు టీచరు గుమ్మంలో వెలుతురు వెతుక్కోవడం, లోపల చాప మీద ఎనిమిదిమంది పిల్లలు సగంలో ఆగిపోయిన పాట కోసం ఎదురు చూడడం మీకు కనిపిస్తుంది. ఇది ఆమె నిర్లక్ష్యం కాదని ఒక్క పూట కూర్చుంటే అర్థమవుతుంది. ఇలా రెండు మూడు కేంద్రాలు చూసి వచ్చాక మీ నోటుపుస్తకంలో ఉన్న జాబితాలో ఏ పని రెండుసార్లు జరుగుతోందో గుర్తించండి. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదైన వివరాన్నే మళ్లీ రిజిస్టరులోనూ, ఆపైన వాట్సాప్ గ్రూపులో ఫోటోగానూ అడుగుతున్నామంటే, ఆ మూడో అడగడం సాధారణంగా మనదే. దాన్ని ఆపడానికి ఎవరి ఉత్తర్వూ అవసరం లేదు. పై అధికారులు అడిగిన సమాచారం ట్రాకర్‌లోనే ఉంటే సూపర్‌వైజరే చూసి పంపవచ్చు. ఉదయం పిల్లలతో ఆటపాటలు, కథలు నడిచే సమయంలో ఫోను చేయకూడదనే నియమం కూడా మనకు మనమే పెట్టుకోవలసినది.

శరీరానికి సంబంధించిన ఇబ్బందులు చిన్నవిగా కనిపిస్తాయి కాబట్టి ఎవరూ అడగరు. మరుగుదొడ్డి లేని అద్దె గదిలో పనిచేసే టీచరు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానుకుంటారు. రోజంతా నేల మీద కూర్చుని లేచే నలభై అయిదేళ్ల మనిషికి మోకాళ్లు పట్టేస్తాయి. తనిఖీ పత్రంలో భవనం, నీరు, మరుగుదొడ్డి గడులను పిల్లల దృష్టితోనే కాక టీచరు దృష్టితోనూ నింపి, పంచాయతీకి రాతపూర్వకంగా పంపాలి; నోటిమాట గ్రామసభ దాటి పోదు. సెలవుల విషయమూ ఇటువంటిదే. ఏడాదికి ఇరవై రోజుల సెలవు, 180 రోజుల ప్రసూతి సెలవు కాగితం మీద ఉన్నా, కేంద్రం మూతపడుతుందనే భయంతో చాలామంది వాడుకోరు. పక్కపక్క ఊళ్ల టీచర్లను జతలుగా కట్టి, ఒకరు సెలవు పెడితే ఆయాకు తోడుగా మరొకరు ఎలా చూసుకోవాలో ముందుగానే రాసి పెట్టుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది.

డబ్బు విషయంలో మాట దాటవేయవద్దు

టీచరుకు వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2018 అక్టోబరు నుంచి ప్రధాన అంగన్‌వాడీ (మినీ కానిది) టీచరుకు నెలకు 4,500 రూపాయలు కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం కాగా, మిగిలినది రాష్ట్రం కలుపుతుంది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలై నలభై రెండు రోజులు సాగిన సమ్మెలో వేతనం, గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిశాక ఇచ్చే మొత్తం) ముఖ్యమైన డిమాండ్లు. వేతనం పెంచడం సూపర్‌వైజరు వల్ల కాదు. అద్దె, గ్యాస్, కూరగాయల బిల్లులను ఆలస్యం లేకుండా పైకి పంపడం మాత్రం అవుతుంది. టీచరు తన చేతి డబ్బు పెట్టి కందిపప్పు కొన్నప్పుడు అది ఏ నెలది, ఎంత అన్న లెక్క మీ దగ్గర కూడా ఉండాలి. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. కనుక నియామక పత్రం, చేరిన తేదీ, సర్వీసులో విరామాల వివరాలు ప్రతి టీచరు దగ్గరా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో వీరందరికీ ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా వర్తింపజేస్తున్నట్లు ప్రకటించారు. మీ సెక్టారులో ఎందరి చేతిలో కార్డు ఉందో ఒక మీటింగులో చేతులెత్తించి లెక్కపెట్టండి.

నేర్పే పద్ధతి

2020 జాతీయ విద్యా విధానం ఇంటర్ లేదా ఆపైన చదివిన టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సును, అంతకు తక్కువ చదివిన వారికి ఏడాది డిప్లొమాను సూచించింది. 2023 మేలో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణా, చదువూ) శిక్షణ మొదలైంది. మరుసటి ఏడాది మూడేళ్ల లోపు పిల్లల కోసం నవచేతన అనే మార్గదర్శకం, మూడు నుంచి ఆరేళ్ల వారి కోసం ఆధార్‌శిల అనే పాఠ్య ప్రణాళిక వచ్చాయి. ఇవన్నీ అవసరమే. అయితే కొద్దిరోజుల శిక్షణలో విన్నది, తిరిగి వచ్చి తన పిల్లలతో చేసి చూసి, ఎవరితోనైనా మాట్లాడుకుంటేనే నిలుస్తుంది. అందుకు మనకు ఉన్న చోటు నెలనెలా జరిగే సెక్టార్ మీటింగే. దానిలో మొదటి గంటను చదువుకే కేటాయించి, రిజిస్టర్ల పని తరువాత పెట్టండి. చివరికి పెడితే బస్సు వేళ అయిందని అందరూ లేస్తారు. ఆ గంటలో సూపర్‌వైజరు ఉపన్యాసం ఇవ్వకుండా, ఒక టీచరు తాను చేసిన ఒక పనిని మిగతావారి ముందు చేసి చూపాలి. చింతగింజలతో లెక్క, పాత చీర అంచుతో తోలుబొమ్మ, ఊరి పొడుపుకథ, ఏదైనా సరే.

కేంద్రానికి వెళ్లినప్పుడు అరగంట చాప మీద కూర్చుని, టీచరు పిల్లలతో అన్న మాటలు మూడు, పిల్లలు ఇచ్చిన జవాబులు మూడు యథాతథంగా రాసుకోండి. ఒక కేంద్రంలో టీచరు బొప్పాయి ఆకు చూపించి “ఇదేమిటి?” అని అడిగితే పిల్లలంతా “ఆకు” అని ఒకే గొంతుతో అరిచి ఊరుకున్నారు. “దీన్నీ, ఈ బొమ్మమేడి ఆకునూ చేత్తో తడిమి చూడండి, ఎలా ఉన్నాయి?” అని ఆమె మరో వారం అడిగినప్పుడు, నాలుగేళ్ల పాప బొమ్మమేడి ఆకును బుగ్గకు ఆనించుకుని “పిల్లి నాలుకలా ఉంది” అంది. ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన చదివి వినిపించాను. వేరే వ్యాఖ్య అవసరం కాలేదు. “టీచర్ గారూ, ఈ ప్రశ్న మీకెలా తోచింది?” అని అడిగితే, ఆమె తన ఇంటి పెరట్లో కూర్చుని ముందు రోజు ఆలోచించానని చెప్పారు.

లోపం కనిపించినప్పుడు తల్లుల ముందు, సర్పంచి ముందు ప్రస్తావించవద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రెండు గుడ్లు తక్కువున్నాయని ఒక టీచరును అందరి ముందు నిలదీశాను. అవి ట్రేలోనే పగిలి వచ్చాయని సరఫరాదారు సంతకంతో ఉన్న చీటీ ఆమె ఆ తరువాత చూపించారు. నేను క్షమాపణ చెప్పాను, కానీ మరుసటి నెల నుంచి తల్లులు గుడ్లు లెక్కపెట్టుకుని తీసుకోవడం మొదలుపెట్టారు. లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే మాత్రం మధ్యవర్తిత్వం చేయకండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి రాయడంలో ఫిర్యాదు చేసిన టీచరుకు తోడుండండి.

సూపర్‌వైజరు పోస్టులలో సగం అయిదేళ్ల అనుభవం ఉన్న టీచర్లతో, టీచరు పోస్టులలో సగం అదే అనుభవం ఉన్న ఆయాలతో పదోన్నతిపై నింపాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ సెక్టారులో ఎవరికి అయిదేళ్లు నిండాయి, ఎవరికి పదో తరగతి లేదా డిగ్రీ ఒక్కటే అడ్డుగా ఉంది అన్నది ఒక కాగితం మీద రాయండి. ఆయాల పేర్లు కూడా అందులో ఉండాలి, వారిని మనం తరచూ మరచిపోతాం. ఓపెన్ స్కూలు, సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రవేశాల నోటీసు రాగానే ఆ పేర్ల వారికి స్వయంగా ఫోను చేసి, పరీక్షల రోజులకు జత టీచరును ముందే ఖాయం చేయండి.