స్క్రీన్ మీద ఒక చోట, రోడ్డు మీద ఇంకో చోట: నెల్లూరు, ఒంగోలు ఎగుమతి సరుకు చిక్కులు - పరిష్కారాలు

నెల్లూరు రొయ్యల ప్లాంటులోనో, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులోనో రవాణా చూసేవాళ్లకు రాత్రి పదింటి తర్వాత వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకే రకం. "అన్నా, యాప్‌లో బండి ఇంకా వెంకటాచలంలోనే ఉంది. డ్రైవరేమో సూళ్లూరుపేట టోలు దాటేశానంటున్నాడు. ఎవర్ని నమ్మేది?" ఎక్కువసార్లు డ్రైవరు మాటే నిజమవుతుంది. యాప్ చూపించేది ఎప్పటి సంగతో ఎవరూ చూడరు, అంతే.

చిక్కు ఎక్కడుందో వెతికే ముందు ఒక మాట. ఒకే బాక్సుకు (కంటైనర్‌కు) ప్లాంటులో ఇన్‌వాయిస్ నంబరు, రోడ్డు మీద బండి నంబరు, రైలెక్కితే వ్యాగన్ నంబరు, పోర్టులో కంటైనర్ నంబరు, కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు నంబరు. చెయ్యి మారిన ప్రతిచోటా ఒక నంబరు వదిలి ఇంకోటి పట్టుకోవాలి. కింద రాసిన వాటిలో చాలావరకు అక్కడ పుట్టినవే. కాబట్టి ఏ ఫోన్ వచ్చినా నేను మొదట అడిగేది "బాక్సు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?" అని.

మ్యాపులో బండి కదలడం లేదు

ముందు "చివరి అప్‌డేట్" టైము చూడండి. అది గంట కిందటిదైతే బండి ఆగలేదు, సమాచారం ఆగింది. జీపీఎస్ పరికరం తానెక్కడుందో ఉపగ్రహాల నుంచి తెలుసుకున్నా, ఆ కబురు మనకు పంపేది సిమ్ కార్డుతోనే. సిగ్నల్ లేనిచోట మంచి పరికరాలు వివరాలు దాచుకుని తర్వాత ఒక్కసారే పంపుతాయి. చవకవి ఆ ముక్క వదిలేస్తాయి. అప్‌డేట్ తాజాగా ఉండి చుక్క కదలకపోతే మాత్రం బండి నిజంగానే ఆగింది, డ్రైవరుకు ఫోన్ చేయండి.

డ్రైవరు ఫోన్ ఎత్తకపోతే ఫాస్టాగ్ ఉంది. టంగుటూరు, వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోళ్లలో ఎక్కడ డబ్బు తెగిందో చూస్తే బండి ఏ రెండు టోళ్ల మధ్య ఉందో తెలిసిపోతుంది. బండి యజమానికి మెసేజ్ వస్తుంది, ఆయన్ని అడగండి. రవాణా వివరాలన్నీ ఒకచోట అందించడానికి 2022 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన యూలిప్ వేదిక ద్వారా ఈ టోలు వివరాలు లాజిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లకు కూడా అందుతున్నాయి. మీ యాప్ వాళ్లు దాన్ని కలిపారో లేదో కనుక్కోండి. జీపీఎస్ వైరు ఊడినా టోలు గేటు దగ్గర డబ్బు తెగక మానదు.

రైల్లో వెళ్లే బాక్సుకు ట్రాకర్ పెట్టినవాళ్లకు ఇంకో సంగతి. కృష్ణపట్నం నుంచి ఓబులవారిపల్లె వైపు పోయే లైనులో రాపూరు, చెర్లోపల్లి మధ్య వెలికొండల కింద 6.6 కిలోమీటర్ల సొరంగం ఉంది. అందులో ఉన్నంతసేపు చుక్క కనపడదు. కంగారు పడొద్దు, అవతల తేలుతుంది.

బాక్సు కావలి వైపు వెనక్కి పోతోంది!

పోవడం లేదు. జీపీఎస్ ఉండేది ముందున్న ఇంజన్ బండికి, బాక్సుకు కాదు. ప్లాంటులో ట్రైలర్ వదిలేసి ఇంజన్ ఇంకో లోడుకు వెళ్లిపోతే స్క్రీన్ మీద మీ రొయ్యలు కూడా దాని వెంటే వెళ్తాయి. బాక్సును బండి నంబరుతో ముడివేయడం ప్లాంటు గేటు దాటేటప్పుడు జరగాలి. పోర్టు గేటు లోపలికి వెళ్లగానే ఆ ముడి తెంచాలి. యాప్‌లో ట్రిప్పు మొదలు, ముగింపు ఆ రెండు గేట్ల దగ్గర పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

జీపీఎస్ టైముకూ టోలు టైముకూ సరిగ్గా అయిదున్నర గంటల తేడా

తేడా సరిగ్గా అయిదున్నర గంటలైతే ఇంక వేరే అనుమానం అక్కర్లేదు. పరికరం ప్రపంచ ప్రామాణిక కాలం పంపుతోంది, మీ సాఫ్ట్‌వేర్ దాన్ని మన టైమనుకుని చదువుతోంది. రాత్రి పదింటికి టోలు దాటిన బండి సాయంత్రం నాలుగున్నరకే దాటినట్టు కనిపిస్తుంది, పోర్టుకు చేరే అంచనా టైము మొత్తం తప్పుతుంది. యాప్ సెట్టింగుల్లో భారత కాలం ఎంచుకుంటే సరి.

రీఫర్ అలారం మోగుతోంది

గడ్డకట్టిన రొయ్యలు వెళ్లే రీఫర్ బాక్సులో, అంటే చల్లదనం యంత్రమున్న కంటైనర్లో, మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. ఫోన్లో మైనస్ 11 కనిపిస్తే గుండె జారుతుంది. ఆగండి, ఎంతసేపటి నుంచి అలా ఉందో చూడండి. రీఫర్ యంత్రం లోపలి కాయిల్ మీద పేరుకున్న మంచును కరిగించడానికి మధ్యమధ్యలో చల్లదనం ఆపి తనను తాను వేడి చేసుకుంటుంది. దాన్ని డీఫ్రాస్ట్ అంటారు. ఆ కాసేపూ గాలి ఉష్ణోగ్రత పెరిగినట్టు కనిపిస్తుంది, అప్పటికి లోపలి సరుకు మారదు. మళ్లీ దానంతటదే దిగిపోతే వదిలేయండి. యాప్‌లో అలారాన్ని "దాటగానే" అని కాకుండా "రెండు గంటలు దాటి ఉంటే" అని మార్చుకోండి. ప్రతి డీఫ్రాస్టుకూ మోగే అలారాన్ని వారం తర్వాత ఎవరూ పట్టించుకోరు, నిజంగా చెడిన రోజు కూడా.

దిగకపోతే కారణాలు వరుసగా చూడాలి. మొదటిది, ట్రైలర్ మీద రీఫర్‌కు కరెంటిచ్చే జెన్‌సెట్ (డీజిల్ జనరేటర్) ఆగిపోవడం. నాయుడుపేట దగ్గర హోటల్ ముందు బండి ఆపి డ్రైవరు పడుకుంటాడు, తెల్లారేసరికి జెన్‌సెట్‌లో డీజిల్ అయిపోయి ఉంటుంది. లారీ ట్యాంకు వేరు, జెన్‌సెట్ ట్యాంకు వేరు. బయల్దేరే ముందు రెండూ చూడాలి.

రెండోది చెబితే నవ్వొస్తుంది గానీ మాకే జరిగింది. ఎంప్టీ బాక్సు ఇచ్చిన యార్డులో మైనస్ గుర్తు పెట్టకుండా 18 అని కొట్టేశారు. యంత్రం చెప్పినట్టే చేసింది, ప్లస్ 18కి తెచ్చే ప్రయత్నంలో ఉంది. లోడింగ్ మొదలుపెట్టే ముందు మా సూపర్‌వైజరు డిస్‌ప్లే చూశాడు కాబట్టి బతికిపోయాం. అప్పటి నుంచి డిస్‌ప్లే ఫోటో వాట్సాప్‌లో పడందే మేం తలుపు తెరవం.

మూడోది ఒప్పుకోవడం కష్టం: తప్పు ప్లాంటుదే కావచ్చు. రీఫర్ ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుంది, సరుకును గడ్డకట్టించే శక్తి దానికి లేదు. మైనస్ 18కి రాని కార్టన్లు ఎక్కించి అలారం వస్తోందంటే యంత్రం ఏం చేస్తుంది? తలుపులు బార్లా తెరిచి, యూనిట్ ఆన్‌లోనే ఉంచి లోడు చేసినా ఇదే గతి. మన కోస్తా తేమగాలి లోపలికి పోయి కాయిల్ మీద మంచు కడుతుంది. లోడు చేసేటప్పుడు యూనిట్ ఆపండి. కార్టన్లు బాక్సు లోపలి ఎర్ర గీత దాటి పేర్చకండి. గాలి మార్పిడి మూత మూసే ఉండాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా పోర్టు దగ్గర జెన్‌సెట్ తీసి యార్డు ప్లగ్గులో పెట్టే వరకు మధ్యలో ఓ ఖాళీ ఉంటుంది. ఆ టైము రాసుకునేవాడు ఉండడు. గేటు దాటిన టైము, ప్లగ్గు పెట్టిన టైము రెండూ మీ సీహెచ్ఏ (కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు) నుంచి అడిగి తీసుకోండి. రేపు కొనుగోలుదారు క్లెయిమ్ వేస్తే మీ చేతిలో ఉండేవి అవే.

కంటైనర్ నంబరు కొడితే "దొరకలేదు"

నంబరులో మొదట నాలుగు అక్షరాలు, తర్వాత ఏడు అంకెలు. మొదటి నాలుగింట్లో సున్నా రాదు, ఇంగ్లీషు అక్షరం 'O' రావచ్చు. ఏడో అంకె ముందున్న పదింటి నుంచి లెక్క కట్టి వచ్చేది, కాబట్టి ఎక్కడైనా ఒక్కటి తప్పితే చాలావరకు లెక్క కుదరదు. ఆ తనిఖీ ఎక్సెల్‌లో కూడా పెట్టుకోవచ్చు. నంబరు సరిగ్గానే ఉండి, కంటైనర్ల కదలికలు చూపే లాజిస్టిక్స్ డేటా బ్యాంకులో కనపడకపోతే, బాక్సుకు ఆర్ఎఫ్ఐడీ (రేడియో తరంగాలతో చదివే) ట్యాగు ఇంకా పడలేదనో, ఏ రీడరూ దాన్ని చదవలేదనో అర్థం. ప్లాంటులో ఉన్న బాక్సును అక్కడ వెతకడం దండగ.

తడ దగ్గర బండి ఆపారు, ఈ-వే బిల్లు చెల్లదంటున్నారు

ఈ-వే బిల్లు అంటే జీఎస్టీ కింద సరుకు వెంట ఉండాల్సిన ఎలక్ట్రానిక్ పత్రం. బిల్లు సరిగ్గానే ఉంటుంది, బండి మారి ఉంటుంది. దారిలో ఇంజన్ చెడి వేరే బండికి మార్చినప్పుడు బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీలో కొత్త నంబరు ఎక్కించాలి. రోడ్డు పక్కన నిలబడి ఫోన్లోనే చేయొచ్చు, కానీ బండి కదలకముందే చేయాలి.

రెండో కారణం గడువు. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు. నెల్లూరు నుంచి చెన్నై అందులో సరిపోతుంది, ఒంగోలు వైపు నుంచి రెండు రోజులు వస్తాయి. రోజు అంటే మర్నాటి అర్ధరాత్రి వరకు. రాత్రి 11:50కి చేసిన బిల్లు మర్నాటి రాత్రితో అయిపోతుంది, 12:05కి చేస్తే ఇంకో పూట కాదు, ఇంకో రోజు కలిసొస్తుంది. గడువు పొడిగించాలంటే ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల వరకే అవకాశం, అదీ అప్పుడు సరుకు మోస్తున్న ట్రాన్స్‌పోర్టరే చేయాలి. ఆ పోర్టల్ పాస్‌వర్డు ఆఫీసులో ఒక్కడి దగ్గరే ఉండి, వాడు పెళ్లికి వెళ్లడం మా ఆఫీసులో కొత్త కాదు.

ఈ-సీలు, బరువు తేడాలు

ఈ-సీలు అంటే బాక్సు తలుపుకు వేసే ఎలక్ట్రానిక్ సీలు. పోర్టులో చదివిన సీలు నంబరు మీరు నమోదు చేసినదానితో కలవకపోతే బాక్సు తెరిచి చూసే దాకా రావచ్చు. సీలు వేశాక ఫోటో తీసి, దాన్ని చూసి ఎక్కించండి, గుర్తుంచుకుని కాదు. బరువు తేడా రాళ్ల దగ్గర ఎక్కువ. గ్రానైట్ ఘనపు మీటరు మూడు టన్నులకు దగ్గరగా ఉంటుంది, కొలతలో కాస్త తేడా వచ్చినా క్వింటాళ్లు మారతాయి. లెక్క వేసిన బరువు ఇవ్వకుండా కాటా వేయించండి. కాటా చీటీలో బండి బరువు తీసేశారో లేదో కూడా చూడండి.

యాప్‌లో అంతా పచ్చగా ఉంది, బాక్సు మాత్రం ఓడ ఎక్కలేదు

యాప్‌కు ఓడ బయల్దేరే టైము తెలుసు. గేటు మూసే టైము, కాగితాల గడువు, బరువు పత్రం గడువు వేరువేరని దానికి తెలియదు. ఓడ టైము ముందుకు జరిగితే ఈ గడువులన్నీ కూడా ముందుకు జరుగుతాయి. షిప్పింగ్ లైన్ పంపిన మెయిల్ చూసి ఈ మూడు టైములూ చేత్తో ఎక్కించాల్సిందే, ఓడ షెడ్యూలు మారినప్పుడల్లా మళ్లీ ఎక్కించాలి. గూడ్సు రైలెక్కే సరుకుకు ఇంకో రోజు కలుపుకోండి. దాన్ని పక్కన నిలబెట్టి ప్యాసింజర్లను వదులుతారు.

రోడ్డు ఆగిపోయింది, రైలుకు మార్చమని సాఫ్ట్‌వేర్ చెబుతోంది

మార్చే ముందు మ్యాపులో నదులు చూడండి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాలూ దెబ్బతిన్నాయి, హైవేలో రాకపోకలూ ఆగాయి. ఒంగోలు, కావలి నుంచి కృష్ణపట్నమో చెన్నైయో చేరాల్సిన సరుకుకు రోడ్డూ రైలూ రెండూ అక్కడే పెన్న దాటాలి. స్క్రీన్ మీద రెండు దారులు, నేల మీద ఒకే గండం. తుపాను హెచ్చరిక రాగానే పెన్నకు ఉత్తరాన ఉన్న బాక్సుల జాబితా తీసి, పోర్టు వైపు కదిలించాల్సినవి ముందే కదిలించండి. మిగిలినవి ప్లాంటు కోల్డ్ స్టోరేజీలోనే ఉంచి, షిప్పింగ్ లైన్‌కు ఆ రోజే మెయిల్ పెట్టి తర్వాతి ఓడకు మార్పించుకోండి.