లైను చివర ఇంగ్లీషు పదం విరగకపోతే: నా అనుభవం

పాలకొల్లులో స్కూలు పిల్లల స్టడీ మెటీరియల్ టైపు చేస్తుంటాను. సన్నటి కాలమ్‌లో పొడుగాటి ఇంగ్లీషు పదం విరగకుండా మొత్తం కింది లైనుకు దిగిపోయేది, పైన పెద్ద ఖాళీ. ఫాంటు తగ్గించడం, కాలమ్ వెడల్పు మార్చడం, మామూలు హైఫన్ కొట్టడం, ఏదీ నిలవలేదు.

పనిచేసింది ఇది. టైపింగ్‌కు వాడే లిబ్రేఆఫీస్ రైటర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఇంగ్లీషు భాగం సెలెక్ట్ చేశాను. టూల్స్, లాంగ్వేజ్‌లోకి వెళ్తే అక్కడ ‘నన్’ (None), అంటే ఏ భాషా లేదని ఉంది. భాష తెలియనిదే పదాన్ని ఎక్కడ విరవాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు! ఇంగ్లీష్ యూకే పెట్టి, పేరాగ్రాఫ్‌లోని టెక్స్ట్ ఫ్లోలో హైఫనేషన్ (లైను చివర పదాన్ని హైఫన్‌తో విరవడం) టిక్ చేశాను.

‘ప్రెజెంట్’ (present) లాంటివి మాత్రం చేత్తో చూసుకోవాలి. కానుక అనే అర్థంలో ‘ఎస్’ తర్వాత, సమర్పించడం అనే అర్థంలో ‘ఈ’ తర్వాత విరుస్తారు. అక్కడ కంట్రోల్‌తో మైనస్ నొక్కితే, లైను చివరికొచ్చినప్పుడే అచ్చులో హైఫన్ పడుతుంది. అమెరికన్ పద్ధతి ఎక్కువగా ఉచ్చారణను పట్టుకుంటుంది, బ్రిటిష్‌ది పద నిర్మాణాన్ని. అందుకే మీ పాఠ్యపుస్తకం ఏది పాటిస్తే ఆ భాషే పెట్టండి. వేరే సాఫ్ట్‌వేర్‌లో మెనూలు ఇలాగే ఉంటాయని మాత్రం చెప్పలేను.