సీయూఈటీ పీజీ ద్వారా ఎం.ఏ. సైకాలజీ: దరఖాస్తు ఎలా, ఎక్కడ తేడా కొడుతుంది

చాలా సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎం.ఏ. సైకాలజీ చేయాలంటే దరఖాస్తు రెండుసార్లు పెట్టాలి. ఒకటి జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) నిర్వహించే సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షకు. రెండోది స్కోరు వచ్చాక, చేరదలచిన ఒక్కో యూనివర్సిటీకి విడివిడిగా. ఎంసెట్ అలవాటుతో చాలామంది పరీక్ష రాసేసి, కౌన్సెలింగ్ తేదీలు ఎన్‌టీఏవాళ్ళే ప్రకటిస్తారని కూర్చుంటారు. దీనికి ఉమ్మడి కౌన్సెలింగ్ లేదు. మంచి స్కోరు ఉండి కూడా సీటు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు.

ముందుగా, దూరవిద్యలో చేద్దామనుకునేవారికి ఒక మాట. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి సైకాలజీ వస్తుంది కాబట్టి 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దాన్ని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ ఆదేశించింది. ఇప్పటికీ ‘ఇంట్లో ఉండే ఎం.ఏ. సైకాలజీ’ అంటూ ఎవరైనా అడ్మిషన్ ఇస్తామంటే, ఫీజు కట్టేముందు యూజీసీ అనుమతి చూపించమని అడగండి.

డిగ్రీ పూర్తయినవారు, చివరి సంవత్సరంలో ఉన్నవారు సీయూఈటీ పీజీ రాయవచ్చు. వయోపరిమితి లేదు. అయితే ఎన్‌టీఏ పరీక్ష రాయనిచ్చిందంటే కోర్సుకు అర్హత ఉన్నట్టు కాదు. కొన్ని యూనివర్సిటీలు ఏ డిగ్రీ అయినా సరే అంటాయి, కొన్ని డిగ్రీలో సైకాలజీ ఉండాలంటాయి, కనీస శాతం కూడా మారుతుంది. మన దగ్గర మూడు ఆప్షనల్స్ బి.ఏ.లో సైకాలజీ ఒకటిగా చదివినవారు, అది సదరు యూనివర్సిటీ అడిగిన షరతుకు సరిపోతుందో లేదో ఆ యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లోనే చూసుకోవాలి. ఎన్‌టీఏ హెల్ప్‌డెస్క్ దీనికి జవాబు చెప్పదు. ఇంకో గందరగోళం హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విషయంలో. అక్కడి హెల్త్ సైకాలజీ ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు ఇంటర్ పాసైనవారికి, దాని దారి సీయూఈటీ యూజీ.

ఇక ఫారం. 2025లో రిజిస్ట్రేషన్ జనవరి 2న మొదలై ఫిబ్రవరి 8న ముగిసింది, పరీక్షలు మార్చి 13 నుంచి ఏప్రిల్ 1 వరకు జరిగాయి. తేదీలు ఏటా కాస్త అటూఇటూ అవుతాయి కాబట్టి డిసెంబరు నుంచే ఎన్‌టీఏ సైట్ మీద కన్నేసి ఉంచాలి. సైకాలజీ పేపరు కోడ్ హెచ్‌యూక్యూపీ18. కోర్సు పేరు ఎం.ఏ. అయినా, ఎం.ఎస్సీ. అయినా, అప్లైడ్ సైకాలజీ అయినా యూనివర్సిటీ ఏ కోడ్ అడుగుతోందో చూసి ఎంచుకోండి. పేపరు తప్పు ఎంచుకుంటే ఎంత స్కోరు వచ్చినా ఆ కోర్సుకు పనికిరాదు.

పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయాలి. మనవాళ్ళకు తిప్పలు మొదలయ్యేది ఇక్కడే. మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి ఉంటుంది, లేదా చివరికి చేరుతుంది. డిగ్రీ మెమోలో అసలుండదు. ఫారంలో పదో తరగతి మెమో ప్రకారమే పోయి, వీలుంటే ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందే సరిచేయించుకోండి. తేడా ఉందని ఫారంలో సొంతంగా మూడో రూపం సృష్టిస్తే అడ్మిషన్ రోజున మూడు పత్రాలకూ మూడు వివరణలు రాసివ్వాల్సి వస్తుంది.

ఫొటో తెల్లని బ్యాక్‌గ్రౌండ్‌తో, ముఖం 80 శాతం, చెవులు కనిపించేలా, 10 నుంచి 200 కేబీ లోపు ఉండాలి. సెల్ఫీ వద్దు. మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. ఇంటర్నెట్ సెంటరువాళ్ళ మెయిల్‌తో నింపిస్తే, తర్వాత పాస్‌వర్డ్ మార్చుకోవాలన్నా వాళ్ళ చుట్టూ తిరగాలి.

అసలు చిక్కు రిజర్వేషన్ పత్రాల దగ్గర. తహసీల్దారు ఇచ్చే రాష్ట్ర కులధ్రువీకరణ పత్రంలో బీసీ-ఏ, బీసీ-డి అని ఉంటుంది. కేంద్ర సంస్థలకు అది చెల్లదు. వాళ్ళకు కావలసింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (వెనుకబడిన కులాల్లో సంపన్న శ్రేణికి చెందనివారి) పత్రం. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. కేంద్ర నమూనాలో కులం కేంద్ర జాబితాలో ఏ తీర్మానం కింద ఉందో రాసి ఉంటుంది, క్రీమీలేయర్‌కు చెందరని చెబుతూ 08-09-1993 నాటి ఆఫీస్ మెమొరాండం ప్రస్తావన ఉంటుంది. ఆ తేదీ కనిపించకపోతే మీ చేతిలో ఉన్నది వేరే పత్రం అన్నమాట. మీసేవలో, ఆంధ్రలో అయితే సచివాలయంలో, అడిగేటప్పుడే కేంద్ర ప్రభుత్వ ఓబీసీ అని స్పష్టంగా చెప్పండి. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. మీ కులం అక్కడ ఉందో లేదో జాతీయ బీసీ కమిషన్ సైట్‌లో చూసుకున్నాకే ఫారంలో ఓబీసీ టిక్ పెట్టండి. క్రీమీలేయర్ ఆదాయ పరిమితి ఏటా 8 లక్షలు, కానీ తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం ఆ లెక్కలోకి రావు. ఇది తెలియక అర్హత ఉండీ జనరల్‌లో కట్టేసేవాళ్ళున్నారు. ఈడబ్ల్యూఎస్‌కూ (ఏ రిజర్వేషన్ లేని వర్గాల్లోని పేదల కోటా) 8 లక్షలే, కానీ అక్కడ జీతం, వ్యవసాయం అన్నీ కలుస్తాయి. ఐదెకరాలు, ఆపైన సాగుభూమి ఉంటే అర్హత పోతుంది.

దీనికితోడు తేదీల మెలిక. ఫారం నింపేది జనవరిలో, సీటు వచ్చేది జూన్, జులైలో. మధ్యలో మార్చి 31 దాటుతుంది. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరానికి కట్టుబడి ఉంటుంది, ఓబీసీ పత్రాన్నీ ఢిల్లీ యూనివర్సిటీ వంటివి ఆ ఏడాది మార్చి 31 తర్వాత తీసుకున్నదే అడుగుతాయి. కాబట్టి జనవరిలో తీసుకున్నదానితో పని అయిపోయిందనుకోకుండా, ఏప్రిల్ మొదటి వారంలోనే కొత్తదానికి దరఖాస్తు పెట్టండి. జూన్‌లో అందరూ స్కూలు, కాలేజీ పత్రాల కోసం ఎగబడే వేళ తహసీల్దారు ఆఫీసులో ఫైలు కదలదు.

2025లో రెండు పేపర్ల దాకా ఫీజు జనరల్‌కు 1,400, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌కు 1,200, ఎస్సీ, ఎస్టీ, థర్డ్ జెండర్‌కు 1,100, దివ్యాంగులకు 1,000 రూపాయలు. ఖాతాలో డబ్బు కట్ అయితే చాలదు, కన్ఫర్మేషన్ పేజీ రావాలి. అది రాలేదంటే దరఖాస్తు అందనట్టే లెక్క. ఆఖరి రోజు రాత్రి కట్టేవారికే ఈ బాధ ఎక్కువ. గడువు తర్వాత ఇచ్చే కరెక్షన్ విండోలో అన్నీ మార్చనివ్వరు, మొబైల్, ఈమెయిల్‌కు అందులో చోటుండదు.

పరీక్షకు 75 ప్రశ్నలు, 90 నిమిషాలు, 300 మార్కులు. ఒప్పుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు 1 పోతుంది. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే, తెలుగులో ఉండదు. పరీక్ష ఏ ఊళ్ళో అని చెబుతూ ముందు వచ్చే సిటీ ఇంటిమేషన్ స్లిప్ హాల్‌టికెట్ కాదు, దాంతో లోపలికి పంపరు. ఎన్‌టీఏ ముందుగా ఇచ్చే జవాబుల జాబితా (ప్రాథమిక కీ) మీద అభ్యంతరానికి ప్రశ్నకు 200 రూపాయలు.

రెండో దరఖాస్తు దగ్గరకు వస్తే, ఢిల్లీ యూనివర్సిటీకి సీట్ల కేటాయింపు కోసం సీఎస్‌ఏఎస్ అనే సొంత పోర్టల్ ఉంది. అక్కడ ఎం.ఏ. సైకాలజీ, ఎం.ఏ. అప్లైడ్ సైకాలజీ రెండు వేరు కోర్సులు, ఒక్కోదానికీ విడిగా రుసుము కట్టాలి. బనారస్ హిందూ యూనివర్సిటీ, పాండిచ్చేరి (ఎం.ఎస్సీ. అప్లైడ్ సైకాలజీ) వేరే రిజిస్ట్రేషన్లు. ఫలితాలు రాకముందే కొన్ని పోర్టళ్ళు తెరుస్తాయి, కాబట్టి మార్చిలో పరీక్ష అవగానే నాలుగైదు యూనివర్సిటీల అడ్మిషన్ పేజీలు వారానికోసారి చూడాలి. ఢిల్లీలో సీటు కేటాయించాక ఇచ్చిన గడువులోగా ‘యాక్సెప్ట్’ నొక్కకపోతే వద్దన్నట్టే తీసుకుంటారు, తర్వాతి రౌండ్లలోనూ పేరుండదు. ఇంకా మంచిది వస్తుందేమో చూద్దామనుకున్నా ముందు యాక్సెప్ట్ చేసి, తర్వాతే అప్‌గ్రేడ్ అడగాలి.

రాష్ట్రంలోనే చదివేవారికి ఈ తతంగం లేదు. తెలంగాణలో ఉస్మానియా నిర్వహించే సీపీగెట్, ఆంధ్రలో ఏపీ పీజీసెట్ అనే పీజీ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల్లో సైకాలజీ విభాగాలున్నాయి. సీపీగెట్‌లో 100 ప్రశ్నలు, తప్పు జవాబుకు కోత లేదు. సీయూఈటీ రాసినవారు కూడా ఇది వదలొద్దు. ఢిల్లీ జాబితాలు ఆలస్యమైన ఏడాది చేతిలో ఒక సీటుండటం వేరు.

చివరి సెమిస్టర్ ఫలితాలు ఆగిపోయినవారు యూనివర్సిటీ ఇచ్చే అండర్‌టేకింగ్ నమూనా మీద సంతకం చేసి, దానిలో రాసిన తేదీలోగా మెమో ఇవ్వాలి. మైగ్రేషన్ సర్టిఫికెట్‌కు మీ డిగ్రీ యూనివర్సిటీలో ముందే అర్జీ పెట్టుకోండి, అది ఒక్కరోజులో చేతికి రాదు.