పాత బండి పెట్రోల్ ట్యాప్ కారుతుంటే

ఆర్‌ఎక్స్ 100, సీడీ 100 లాంటి పాత బండ్లు ఉన్నవాళ్లకు ఒక చిట్కా. ట్యాప్ ఆఫ్ చేసినా పొద్దున్నే పెట్రోల్ వాసన కొడుతుంటే, ముందు లీకు ఎక్కడో తేల్చుకోండి. ట్యాప్ ఆఫ్‌లోనే ఉంచి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, కొనను చిన్న సీసాలో పెట్టండి. కాసేపటికి చుక్కలు పడితే తప్పు ట్యాప్‌దే. పడకుండా, ఆన్ చేసినప్పుడు మాత్రమే కార్బురేటర్ ఓవర్‌ఫ్లో పైపు నుంచి కారితే ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్ నిండగానే పెట్రోల్ ఆపే సూది) చూడాలి, అది వేరే కథ.

ట్యాప్ పిడి వెనక నాలుగు రంధ్రాల రబ్బరు వాషర్ ఉంటుంది. చాలాసార్లు దొంగ అదే. గోరుతో నొక్కితే మెత్తగా దిగాలి. రాయిలా ఉంటే దాని పని అయిపోయినట్టే. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ పాత రబ్బరుకు అంతగా పడదు కూడా.

ఇంజిన్ చల్లారాక, ఆరుబయట, ట్యాంకు ఖాళీ చేసి పిడి ముందున్న రెండు స్క్రూలు విప్పండి. (కొన్నిటికి రివెట్లు ఉంటాయి, వాటికి ట్యాప్ మొత్తం మార్చడమే.) పాత వాషర్ జేబులో వేసుకునే విజయవాడ ఆటోనగర్ వెళ్లండి. మోడల్ పేరు చెబితే ఏదో ఒకటి చేతిలో పెడతారు, ముక్క చూపిస్తే సరైనది ఇస్తారు. వాషర్ ఆనే లోహపు ముఖం మీద గీతలుంటే, అద్దం మీద 1000 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి మెల్లగా రుద్దండి. స్క్రూలు మరీ బిగించొద్దు, పిడి తిరగదు.

సిలికాన్ పేస్ట్ మాత్రం రాయకండి. పెట్రోల్‌కు ఉబ్బి, ముక్కలై కార్బురేటర్ జెట్‌లో (పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రంలో) ఇరుక్కుంటుంది.