ఐర్లాండ్‌లోని వెస్ట్‌పోర్ట్ వెళ్ళాలనుకునే మన వైజాగ్ వాళ్ళకి

ముందు వీసా సంగతి చూస్కోండి, ఐర్లాండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) లేదు, ఆ వీసా ఉంది కదా అని టికెట్లు తీసేస్కోకండి. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్లో రైలెక్కితే మూడు గంటల పైన ప్రయాణం. 18వ శతాబ్దంలో ప్లాన్ గీసి కట్టిన ఊరు, చిన్నది, నడిచే చూడాలి. ఎనిమిది పలకల కూడలిని ఆక్టగాన్ అంటారు, అక్కడ్నుంచి కిందకి దిగితే కారోబెగ్ నది, పక్కనే చెట్లు, రాతి వంతెనలు, కాసేపు కూర్చోండి నా మాట విని. ఓపికుంటే దగ్గర్లోనే 764 మీటర్ల క్రోక్ పాట్రిక్ కొండ ఎక్కండి. జులై ఆఖరి ఆదివారం వేలమంది యాత్రికులు ఎక్కుతారు, కొందరైతే చెప్పుల్లేకుండానే, అచ్చం మన సింహాచలం గిరిప్రదక్షిణ లాగే! పైకెళ్ళేకొద్దీ కాళ్ళకింద రాళ్ళు జారిపోతాయి, గట్టి బూట్లు, రెయిన్ జాకెట్ ఉండాల్సిందే. మబ్బు లేకపోతే పైనుంచి క్లూ బే అనే సముద్రపు అఖాతం మొత్తం దీవులతో సహా కనిపిస్తది.